కూతురు చూడమన్న బొమ్మల సీరియల్

మా ముత్తాత ఎమ్మిగనూరులో అరవై మగ్గాలకు సావుకారు. మా తాత నాటికి అవి నలభై అయినా, నేతగాళ్లు ఆయన ఎదుట కూర్చునేవాళ్లు కాదు. మగ్గం నుంచి దించిన చీరను తెచ్చి నిలబడేవాళ్లు. ఆయన పీటమీద కూర్చుని అంచు వేలితో తడిమి చూసి, తప్పుంటే మాట్లాడకుండా చీరను వెనక్కి తోసేవాడు. నా కాలానికి ఒక్క మగ్గం కూడా మిగల్లేదు. నడుం వంచకుండా నడిచే అలవాటు మాత్రం మిగిలింది.

నా కూతురు ఫ్యాషన్ డిజైనింగ్ చదివి, మేం ఇప్పుడుండే ఆదోనిలో ఒక బట్టల దుకాణానికి జాకెట్ల డిజైన్లు గీసిస్తుంది. పోయిన వేసవిలో ఫోను నా చేతిలో పెట్టింది.

"నాయనా, ఈ జపాను సీరియల్ ఒక్క ఎపిసోడ్ చూడు. నచ్చకుంటే ఆపేద్దువు."

"బొమ్మలు చూసే వయసా నాది?"

"బట్టలు కుట్టేవాళ్ల కథ నాయనా. నువ్వు తప్పులు పడతావని చూడమంటాండా."

తప్పులు పట్టడానికే కూర్చున్నాను. నాలుగు రోజుల్లో అంతా చూసేశాను. అందులో ఒక పిల్ల, ఒక పిల్లవాడు ఒకే గదిలో పని నేర్చుకుంటారు. ఆమె కుట్టిన కోటు భుజం సరిగా లేదని అతడు చెబితే, ఆమె ఏడవదు, అలగదు. దీపం దగ్గరికి జరిగి కుట్లు విప్పుతుంది. అతడు దారం అందిస్తాడు. ప్రేమ అంతే. గుడ్డ భుజం మీద ఎట్లా వాలుతుందో గీసినవాడెవరో గానీ, గుడ్డను పట్టుకుని చూసినవాడే. పని తెలిసినవాళ్లు తప్పక చూడాల్సిందని భోజనాల దగ్గర అన్నాను. అట్లాంటి ఇద్దరిని విడదీసేవాడు ఎవడైనా మూర్ఖుడేనని కూడా అన్నాను.

నా కూతురు అన్నం కలపడం ఆపింది. మా తాత ముందు నిలబడిన ఒక నేతగాడి మనవడితో కలిసి ఆదోనిలో కుట్టు గది పెడతానని, అతడినే పెళ్లి చేసుకుంటానని చెప్పింది. అంచుల డిజైన్లు గీసేది అతడేనట. నా మాటే నాకు అడ్డం వచ్చింది. రెండు వారాలు ఆమెతో మాట్లాడలేదు. తర్వాత, వద్దని చెప్పి రావడానికే ఎమ్మిగనూరులో అతడి తండ్రి ఇంటికి వెళ్లాను.

ఆయన నాకు కుర్చీ వేసి, తాను నిలబడ్డాడు. నేను నోరు తెరవకముందే ఆయనే వద్దన్నాడు.

"మా నాయన మీ తాత ముందర నిలబడినాడు. నేను మీ నాయన ముందర నిలబడినా. రేపు మీ పిల్ల మా ఇంట్లో కూసుంటే, నేను యాడ కూసునేది సావుకారూ?"

వద్దని చెప్పడానికి వెళ్లినవాడిని, ఆ మాట వేరేవాళ్ల నోట వింటే తట్టుకోలేకపోయాను. ఆ సీరియల్ చూడమని ఆయనకు చెప్పాను.

"మావాడు సూపించినాడులే. బాగానే ఉండాది. ఆ పిల్లోల్ల నాయన్లు యాడన్నా కనపడినారా దాంట్లో? అందుకే అంత బాగా జరుగుతాంది." ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

లేచి గడప దాకా వచ్చాక వెనక నుంచి అడిగాడు.

"బావా అని పిలిస్తే పలుకుతావా?"

మా ఇంటి వాళ్లను ఆ ఇంటివాళ్లు నువ్వు అనడం అదే మొదటిసారి. పలుకుతానని అనాలనే అనుకున్నాను. మెడ తిప్పి చూసి, చెప్పులు వేసుకున్నాను. ఆయన లోపలికి పోయాడు. ఆదోని బస్సులో సీటు ఖాళీగా ఉన్నా, ఊరు దాటేదాకా నిలబడే ఉన్నాను.

పెళ్లి మాట ఇంకా తేలలేదు. కుట్టు గది మాత్రం మొదలైంది. దాని మిషన్ల కోసం, నందవరం దారిలో మాకు మిగిలిన మూడెకరాల నల్లరేగడి అమ్మేశాను.