హస్తవాసి లేని డాక్టరు

పాలకాయతిప్ప దగ్గర, సముద్రం మీద బతికే ఊరు మాది. ఊరికో డాక్టరు కావాలని మా పెద్దమావయ్య బందరులో ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాడో. మావయ్యంటే నాకు చుట్టం కాదండీ, ఊరి పెద్ద, అందరికీ మావయ్యే. అంతకుముందు ఎవరికేమొచ్చినా బండెక్కాలి, పడవెక్కాలి, బస్సెక్కాలి, అప్పటికి ప్రాణముంటే బందరు చూడాలి. మా వదిన తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. మా అమ్మే పురుడు పోసింది, నొప్పులు మొదలైన మూడోనాటిక్కానీ బండి కట్టనివ్వలేదు.

చివరికి డాక్టరొచ్చారు. గుడివాడ వైపాయన, కళ్ళజోడు, మెత్తటి మాట. మేళం పెట్టి మరీ తీసుకొచ్చి, మా వీధి చివర పెంకుటింట్లో ఆసుపత్రి తెరిచారు. అప్పుడే వదిన మళ్ళీ నీళ్ళోసుకుంది. ఈసారి తనకి భయం లేదని నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

ఇక మావాళ్ళ తెలివి వినండి. వల లాగుతుంటే ఒకాయన పాదంలో టేకు చేప తోకముల్లు దిగింది. ఆసుపత్రి ఎదురుగానే ఉంది. వెళ్ళారా? ముందు పసరు కట్టారు. తర్వాత తాయెత్తు కట్టారు. దవడలు బిగుసుకుపోయి, ఒళ్ళు విల్లులా వంగిపోయాక మంచంతో సహా మోసుకెళ్ళి డాక్టరు ముందు దింపారు. ఆయన సూదిలోకి మందు ఎక్కిస్తుండగానే ప్రాణం పోయింది.

అంతే, డాక్టరుగారి హస్తవాసి మంచిది కాదని ఊరంతా తేల్చేసింది. ఆ చెయ్యి తగిలితే బతికేవాడు కూడా బతకడంట. మామూలు జ్వరాలకి ఆ గుమ్మం తొక్కడం మానేశారు. ఇక బతకడనుకున్న మనిషిని మాత్రం తీసుకెళ్ళేవాళ్ళు, పోగానే మళ్ళీ ఆయన చేతినే అనేవాళ్ళు. మా అమ్మయితే వదినని ఆ గుమ్మం ముందు నుంచి నడవనిచ్చేది కాదు.

నా మోచేతి మీద గడ్డ లేస్తే దొంగచాటుగా వెళ్ళి కోయించుకున్నాను, శుభ్రంగా మానిపోయింది. అదేమో నా అదృష్టమంట. ఆ టేకుముల్లాయన చావేమో డాక్టరు చెయ్యంట. నేను చదివింది ఐదో క్లాసే, ఇదేం న్యాయమో నాకైతే అర్థం కాలేదు.

పాపం ఆయన పొద్దున్నే తలుపు తీసుకుని ఒక్కరే కూర్చునేవారు. ఎన్నాళ్ళని కూర్చుంటారు? బదిలీ అడిగి వేయించుకున్నారు.

వెళ్ళే రోజు మావయ్య ఆయన మెడలో దండేసి, ఇలాంటి మంచిమనిషి మళ్ళీ దొరకరని కళ్ళు ఒత్తుకున్నాడు. బండిలో ఎండు రొయ్యల బుట్ట పెట్టించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"దొరకరని తెలిసీ ఎందుకు పోగొట్టుకుంటున్నావు మావయ్యా? చచ్చేవాళ్ళనే తీసుకెళ్ళి, చచ్చారని ఆయన్ని అంటే ఏ డాక్టరుంటాడు?"

"పెళ్ళి కావాల్సిన పిల్లవి. నోరు కాస్త అదుపులో పెట్టుకో," అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. వాళ్ళ నవ్వు తగలెయ్య.

నేను డాక్టరుగారి వైపు తిరిగి, వదిన కాన్పు అయ్యేదాకా ఉండమని బతిమాలాను. ఆయన కోప్పడలేదు.

"నేనుండి ఏం చెయ్యనమ్మా? నన్ను పిలిచేది ప్రాణం మీదికి వచ్చాకే కదా," అన్నారు. తను బందరు మీదుగానే వెళ్తున్నానని, మీ వదినని పంపితే పెద్దాసుపత్రిలో చేర్పిస్తానని చెప్పారు.

అందరూ మా అమ్మ మొహం చూశారు. ఈలోగా నిండు నెలల వదిన, ఇంట్లో ఏనాడూ గొంతెత్తని మనిషి, గుంపులోంచి వచ్చి ఆ రొయ్యల బుట్ట పక్కకి నెట్టి బండెక్కి కూర్చుంది. ఆ చేతి మనిషితో వెళ్తావా అని అమ్మ ఆవిడ రెక్క పట్టుకుంది.

"పోయినసారి ఎవరి చెయ్యి అత్తయ్యా?" అంది వదిన.

అమ్మ పట్టు వదిలేసింది. అన్నయ్య బండి వెనకాల నడిచాడు. నేనూ ఎక్కేశాను.

బందరులో డాక్టరుగారు చేర్పించిన పెద్దాసుపత్రిలో పొట్ట కోసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. ఇంకొక్క పూట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని అక్కడి నర్సమ్మ అంది. తర్వాత మనవరాల్ని చూడ్డానికి అమ్మ వచ్చింది. ఒళ్ళో పడుకోబెట్టుకుని, మెటికలు విరిచి, గట్టి జాతకం నా తల్లిది అని మురిసిపోయింది. డాక్టరు మాట ఎత్తితే ఒట్టు.

నేను పాపని అమ్మ ఒళ్ళోంచి తీసి వదినకిచ్చేశాను.