మెల్లగా మాస్టారు

మెల్లగా మాస్టారు ఏం మాట్లాడినా గుసగుసగానే మాట్లాడేవారు. కోపమొచ్చినా గుసగుసే, కాలికి మేకు గుచ్చుకున్నా గుసగుసే. తుమ్ము వస్తే గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి తోటలోకి పరుగెత్తి, ఏ చెట్టు వెనకో గుట్టుగా తుమ్మి వచ్చేవారు. ఆఫీసులో ఎవరి గొంతు కాస్త లేచినా వేలు పెదవుల మీద పెట్టుకుని, "మెల్లగా! తూనీగలు బెదురుతాయి" అనేవారు. ఆ తూనీగలేమో గాజుమూత పెట్టెల్లో సూదులకు గుచ్చి ఉన్నాయి, పాపం ఏనాడో పోయాయి.

ఆయన చదువంతా సూదితూనీగల మీద. మామూలు తూనీగకన్నా బాగా సన్నగా ఉండి, వాలగానే రెక్కల్ని వీపు మీద ముడుచుకునే రకం అవి. వానలు వదలని అడవుల్లో వాగుల వెంట తిరగడం, కొత్తదేదైనా కనిపిస్తే అది ఎందుకు కొత్తదో లోకానికి చాటడం ఆయన ఉద్యోగం. గుసగుసగా చాటడం ఎలాగని మాత్రం ఎవరూ అడక్కూడదు.

ఆయన చూసినవాటికి బొమ్మలు గీసే పనిలో బొమ్మలమ్మ చేరింది. అంతకుముందు ఆమె ఒక అచ్చాఫీసులో పిల్లల పుస్తకాలకు ఆవుల్నీ ఏనుగుల్నీ గీసేది. గొంతుకి ఆపరేషన్ అయ్యాక ఆమెకు మాట పోయి గాలే మిగిలింది. అచ్చాఫీసువాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు గానీ, "ఏంటండీ ఆ రహస్యం? మాకూ చెప్పండి" అని రోజూ అదే హాస్యం ఆడేవారు. ఆమె రోజూ నవ్వేది. ఒకరోజు ఇక నవ్వలేక మానేసింది.

కొత్త ఉద్యోగంలో మొదటిరోజు గుమ్మంలోనే గుండె గట్టి చేసుకుని, "నమస్కారం సార్" అంది. వచ్చింది ఊపిరే.

"నమస్కారమమ్మా" అన్నారు మాస్టారు, సరిగ్గా అంతే ఊపిరితో. "లోపలికి రా. మెల్లగా మాట్లాడు, ఏం?"

జన్మలో ఆమెకు ఆ సలహా ఇచ్చినవాళ్ళు లేరు. లోపల గుమస్తా గుసగుసలాడుతున్నాడు, ఊడ్చే ఆవిడ గుసగుసలాడుతోంది, ఆరడుగుల వాచ్‌మన్ కూడా గుసగుసలాడుతున్నాడు. కిటికీల్లోంచి ఆకుపచ్చటి వెలుగు, పెట్టెల్లో వందలాది గాజురెక్కలు, మధ్యలో ఈ మనుషులు. నీళ్ళ అడుగున ఎక్కడో ఉన్న ఇంట్లోకి కలలో నడిచొచ్చినట్టు అనిపించిందామెకు. మెలకువ రాకుండా ఉంటే బాగుండుననుకుంది.

అలాగని ఆ గుసగుసలతో ఇబ్బందులు లేకపోలేదు. ఓ మధ్యాహ్నం గుమస్తా మునివేళ్ళ మీద నడిచొచ్చి మాస్టారి చెవిలో, "సార్, టీ గది అంటుకుంది" అన్నాడు.

"ఎంత?"

"కర్టెన్ అయిపోయింది సార్. ఇప్పుడు బీరువా."

అందరూ బకెట్లు పట్టుకుని, "నీళ్ళు నీళ్ళు" అని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటూ మంటలార్పారు. పక్కగదిలో బొమ్మ గీసుకుంటున్న బొమ్మలమ్మకు ఆ సంగతి సాయంత్రం టీ రాకపోతే తెలిసింది.

"ఇంట్లోనైనా గొంతు పెగులుతుందా అక్కయ్యా?" అని ఆమె ఓసారి మాస్టారి భార్యని అడిగింది.

"ఎక్కడ? మొన్న బస్సు వెనకాల పరుగెత్తుతూ 'ఆపండి ఆపండి' అని గుసగుసలాడారు. ఆ బస్సు ఇప్పటికీ ఆగలేదు" అంటూ ఆవిడ చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ ఏడు వానలకి మాస్టారూ బొమ్మలమ్మా అడవిలో ఓ వాగు దగ్గరికి వెళ్ళారు. అక్కడ ఎండ తిన్నగా నేలకి దిగదు. ఆకుల సందుల్లోంచి చుక్కలుగా జారి నీళ్ళ మీద ఆడుకుంటుంది. ఆ చుక్కల్లో ఒకటి లేచి ఎగిరింది. ఇటుకరంగు ఒళ్ళు, తోక చివర నీలం. నీడలో ఒళ్ళు కనపడక, ఆ నీలం ఒక్కటే దారి తప్పినట్టు నీళ్ళ మీద తిరుగుతోంది. ఇద్దరూ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఎంతసేపు చూశారో వాళ్ళకే తెలీదు.

"ఇది కలేమోనమ్మా" అన్నారు మాస్టారు.

"జలగ నిజంగానే పట్టుకుంది సార్" అంది బొమ్మలమ్మ.

ఆఫీసుకొచ్చి మైక్రోస్కోపు కింద తూనీగ తల గీస్తూ ఆమె ఎంత వెతికినా దానికి చెవులు కనపడలేదు. "సార్, వీటికి చెవులే లేవు!"

"లేవు."

"మరి బెదురుతాయంటారు?"

"చెవుల్లేనంత మాత్రాన మర్యాద లేకుండా పోతుందా?" అని ఆయన లేచి వెళ్ళిపోయారు. మహాపండితుడికి ఈమాత్రం పిచ్చి ఉండాల్సిందేననుకుని ఆమె తోక గీయడంలో పడింది.

మగ సూదితూనీగకి తోక చివర కొక్కేలుంటాయి, జతకట్టేటప్పుడు ఆడదాని మెడ పట్టుకోవడానికి. ఏ జాతి కొక్కెం వంపు దానిదే. ఈ కొక్కేనికి లోపలివైపు ఇంకో చిన్న పన్నుంది. మాస్టారి కంట పడని ఆ పన్ను బొమ్మలమ్మ కంట పడింది.

కొత్త జాతేనని మాస్టారు గాలిలో తేలిపోతుంటే, పట్నంనుంచి వచ్చిన ఓ పెద్ద నిపుణుడు పెదవి విరిచాడు. "ఆ అడవిలో ఉండే నీలం తూనీగే ఇది. లేతవయసులో ఇటుకరంగు, ముదిరితే నీలం. కొత్తా లేదు, గిత్తా లేదు." విషయం పండితుల సభకెక్కింది. సభ ఒప్పుకుంటే తూనీగకి కొత్త పేరు, బొమ్మలమ్మకు పర్మనెంటు ఉద్యోగం. ఒప్పుకోకపోతే తూనీగ పాత పెట్టెలోకి, బొమ్మలమ్మ పాత అచ్చాఫీసులోకి.

"మీరే చెప్పండి సార్" అని బతిమాలింది.

"పన్ను చూసింది నువ్వు. చెప్పాల్సింది నువ్వు."

"నా మాట ఎవరికి వినపడుతుంది?"

"నాకు వినపడట్లా?" అన్నారాయన.

సభలో మైకు ముందు ఆమె నోరు తెరవగానే హాలంతా గాలివాన హోరు వినిపించింది. మైకు తీసేశారు. అప్పుడు ఏమీ వినిపించలేదు. వెనక వరసల్లోంచి "గట్టిగా! గట్టిగా!" అని కేకలు. ఎవరో ఈల వేశారు. నిపుణుడు సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాడు. బొమ్మలమ్మ కాగితం మడిచేసింది. ఇక దిగిపోదామని ఓ మెట్టు దిగింది కూడా.

"నోళ్ళు ముయ్యండి!"

కిటికీ అద్దాలు గణగణలాడాయి. నిపుణుడి కళ్ళజోడు జారి ఒళ్ళో పడింది. బయట కునుకు తీస్తున్న వాచ్‌మన్ లేచి గోడకి సెల్యూట్ కొట్టాడు. ముందువరసలో మెల్లగా మాస్టారు మెడనరాలు ఉబ్బించుకుని నిలబడి ఉన్నారు.

"ఆవిడ మాట్లాడుతోంది! వినపడనివాళ్ళు కుర్చీలు మోసుకుని ముందుకు రండి! మీరేం తూనీగలు కాదుగా, చెవులున్నాయిగా!"

పండితులందరూ బడిపిల్లల్లా కుర్చీలు మోసుకొచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు. ఆ నిశ్శబ్దంలో బొమ్మలమ్మ బొమ్మ చూపించింది. "రెక్కలొచ్చాక రంగు మారుతుంది గానీ కొక్కెం మారదు. ఇది ఆ నీలందాని పిల్లే అయితే, ముదిరేసరికి ఈ పన్ను ఊడిపోవాలి. తూనీగకి పాలపళ్ళుంటాయా సార్?"

ముందు నవ్వింది నిపుణుడే. "ఉండవమ్మా. నువ్వు గెలిచావు" అని చెయ్యెత్తాడు. మిగతా చేతులన్నీ లేచాయి.

బయట వరండాలో మాస్టారి భార్య కళ్ళు తుడుచుకుంటోంది. "హమ్మయ్య, ఇన్నాళ్ళకి మా ఆయన దొరికాడు!"

"ఆ గొంతు... ఆయనదేనా అక్కయ్యా?"

"ఆయనదే. పెళ్ళైన కొత్తలో ఆయన మంచినీళ్ళడిగితే పక్కింటావిడ తెచ్చిచ్చేది. నీ ఇంటర్వ్యూ రోజున లోపలివాళ్ళు గట్టిగా చెప్పమంటుంటే ఈయన వరండాలో ఉన్నారట. నువ్వు కళ్ళొత్తుకుంటూ బయటికి రావడం చూశారు. ఆ రోజునుంచీ ఇదే వరస. ఇంట్లో అలవాటు తప్పితే ఆఫీసులో జారిపోతానని ఇంట్లోనూ అంతే."

"మా అందరికీ ముందే చెప్పారమ్మా" అన్నాడు గుమస్తా సిగ్గుపడుతూ. "మా ఆవిడైతే నాకేదో జబ్బనుకుని కషాయాలు పోస్తోంది."

బొమ్మలమ్మకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలీలేదు. తన కోసం ఇంతమంది గొంతులు దాచుకున్నారన్న సంతోషం మాత్రం పట్టలేకపోయింది. తిన్నగా మాస్టారి దగ్గరికెళ్ళి, "నా మీద జాలిపడ్డారా?" అని నిలదీసింది.

"ఛ, జాలేంటి? నేనరిస్తే నీ చెయ్యి వణుకుతుంది. నాకు తిన్నని గీత కావాలి" అన్నారాయన, మళ్ళీ గుసగుసగా.

మరుసటి వానలకి ఇద్దరూ అదే వాగు దగ్గర నిలబడ్డారు. తూనీగకి బొమ్మలమ్మ నీలిచుక్క అని పేరు పెట్టింది. అది నాచురాయి మీద రెక్కలు ముడుచుకుని కూర్చుంది.

"పేరు పెట్టాక పిలవాలిగా సార్. నా బదులు మీరు పిలవండి. మీ గొంతుతో."

ఆయన అటూ ఇటూ చూశారు. ఛాతీ నిండా ఊపిరి పీల్చి, "నీలిచుక్కా!" అని అరిచారు. అడవిలో పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఒడ్డున వంట చేస్తున్న గుమస్తా గరిటె వాగులో పడింది. ఆకుల మీద ఆగిన వాన ఇద్దరి నెత్తినా కురిసింది. తూనీగ మాత్రం కదల్లేదు. ముందుకాళ్ళతో తీరిగ్గా కళ్ళు తుడుచుకుంది.

"వినలేదమ్మా" అన్నారు మాస్టారు చిన్నబుచ్చుకుని.

"ఇంకోసారి పిలవండి సార్" అంది బొమ్మలమ్మ. "దానికి కాదు, నాకు."