ఇంగా పూర్తిచేయని స్వెట్టర్

విశ్రాంతిని పొట్లం కట్టి అమ్మేవాళ్ళు ప్రతి రేవులోనూ ఉంటారు. ఒకచోట వేడినీళ్ళ తొట్టి అంటారు, ఇంకోచోట మౌనం అంటారు. షెట్లాండ్ దీవులకు ఆ బెడద ఊలు రూపంలో వచ్చింది. మనుషులకన్నా గొర్రెలే ఎక్కువున్న చోట ఊలు అమ్మాలంటే గుండెధైర్యం కావాలి. సముద్రం దాటి దక్షిణపు నగరం నుంచి దిగిన ఇమోజెన్‌కు అది దండిగా ఉంది. ఇక్కడి గొర్రెల ఊలునే లావెండర్ రెబ్బతో కాగితంలో చుట్టి, పైన ‘నీ కోసం నువ్వు’ అని ముద్ర కొట్టి, ఆ గొర్రెలు కాసేవాళ్ళ పెళ్ళాలకే అంటగట్టింది.

కొన్నవాళ్ళలో ఇంగా హాల్‌క్రో ఒకతె. వృద్ధాశ్రమంలో ఉద్యోగం, ఇంట్లో ముగ్గురు మగవాళ్ళు, పైన ఊరి హాలు కమిటీ. సరిగ్గా నిద్రపోయి ఏడాదైంది. మీకంటూ ఏదైనా ఒకటి పెట్టుకోండని డాక్టరు చెప్పి పంపాడు. ఇంకో మనిషిని పనిలోకి తీసుకోమని ఆశ్రమానికి చెప్పడంకన్నా అది సులువు మరి.

ఇమోజెన్ పెట్టిన అల్లిక తరగతిలో తొలిరోజే పేచీ వచ్చింది. ఇంగా తన తల్లి తోలు పటకా నడుముకు కట్టుకుని వెళ్ళింది. దాని చిల్లుల్లో సూది గుచ్చితే కుడిచేతికి బరువుండదు. వీపున బుట్ట మోస్తూ, కొండ దిగుతూ కూడా ఆ తరం ఆడవాళ్ళు అల్లేవారు. ఇమోజెన్ దాన్ని విప్పించింది. అది చాకిరీకి గుర్తట. ఇక్కడ ఒక్కో అల్లికకు ఒక్కో ఊపిరి పీల్చాలట. రెండు వారాలు అలా ఊపిరాడక అవస్థపడి, ఇంగా ఇంట్లోనే పటకా బిగించుకుంది. రాత్రి భోజనమయ్యాక నలభై నిమిషాలు. వేళ్ళు వాటి దారిన అవి పోతుంటే బుర్ర తేలికయ్యేది. నిద్ర తిరిగొచ్చింది.

అయితే ఆ దీవిలో ఆడమనిషి చేతిలో సూదులు కనబడితే ‘ఎవరికి?’ అనే అడుగుతారు. ‘నాకే’ అంటే నవ్వేస్తారు. ఆడపడుచు మీమా తన మనవడి కొలతలు పంపింది. ఇమోజెన్ తన దుకాణం కిటికీలోకి నమూనాలు అడిగింది, ఊరికేనే, మనశ్శాంతి కోసం. హాలు కమిటీ అధ్యక్షురాలు విల్మా అయితే అడగను కూడా అడగలేదు. ఆదివారం టీ విందు లాటరీకి ఇంగా అల్లే నక్షత్రాల స్వెట్టర్ బహుమతి అని గోడమీద రాసేసింది. నలభై నిమిషాలు రెండు గంటలయ్యాయి. నిద్ర మళ్ళీ పోయింది.

ఆశ్రమంలో తొంభై నాలుగేళ్ళ ఆగ్నెస్‌కు మేజోళ్ళు తొడుగుతూ ఇంగా తన గోడు వెళ్ళబోసుకుంది. తన తల్లి అల్లిన శాలువలు లాక్కుని వర్తకుడు డబ్బుకు బదులు టీపొడి, గుడ్డముక్క చేతిలో పెట్టిన రోజులు ఆగ్నెస్‌కు గుర్తే.

“నీకు అల్లడం కావాలా, స్వెట్టర్ కావాలా?” అంది ముసలామె.

“అల్లడమే.”

“మరి పూర్తి చేస్తావెందుకే పిచ్చిపిల్లా? పూర్తయితేనే కదా పట్టుకుపోతారు.”

ఆ ఆదివారం విల్మా స్వెట్టర్ పట్టుకుపోవడానికి సంచీతో సహా హాలుకు వచ్చింది. ఇంగా చేతిలోని స్వెట్టర్‌కు మెడ ఒక్కటే మిగిలింది.

“ఆ కాస్తా ఇక్కడే కానిచ్చెయ్, టీ తాగేలోపు అయిపోతుంది,” అంది కేకు కోస్తూ.

ఇంగా సూది లాగేసింది. పోగులు పట్టుకుని విప్పడం మొదలుపెట్టింది. షెట్లాండ్ ఊలు పోగులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుంటాయి, తొందరగా రావు; ఇంగాకూ తొందర లేదు. తెల్లపోగు ఒక కుర్చీకి, నీలిపోగు ఇంకో కుర్చీకి చుడుతూ పోయింది. నక్షత్రాలు వరసవరసే మాయమయ్యాయి. హాలంతా కప్పులు దించేసి చూసింది.

“లాటరీకి నేనేం పెట్టను?” అంది విల్మా చివరికి.

“నీకూ రెండు చేతులున్నాయి కదా, విల్మా. నేను మాత్రం వారమంతా దీన్ని మళ్ళీ అల్లుతాను, వచ్చే ఆదివారం మళ్ళీ విప్పుతాను.”

మీమా తన మనవడి మాట ఎత్తలేదు. ఇమోజెన్ మాత్రం కళ్ళొత్తుకుంటూ ఫోన్‌లో ఫొటో తీసింది, వదిలేయడమంటే ఇదేనంది. మరుసటి నెలలో ‘విప్పుకుని సేదతీరు’ అని కొత్త తరగతి పెట్టి, నేర్పడానికి రమ్మని ఇంగాకు కబురంపింది. తనకు ఖాళీ లేదని, అల్లుకోవాలని ఇంగా జవాబు చెప్పి పంపింది.