చెరగని గీతలు

అక్కకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదిరాక బయటపడింది. ఆపరేషన్ చేసే దశ దాటిందన్నారు. వారానికి ఐదు రోజులు రేడియేషన్, ఒకరోజు సెలైన్‌లో కీమో మందు. రేడియేషన్‌ను మా దిక్కు కరెంటు పెట్టడమంటారు. రెండూ కలిస్తేనే గడ్డ లొంగుతుందని, మధ్యలో రోజులు పోనివ్వొద్దని హైదరాబాదులో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అక్క ఆ మాటే పట్టుకుంది.

కరెంటు ఎక్కడ పడాలో తెలియడానికి పొట్ట మీద, రెండు తుంట్ల మీద మార్కర్‌తో కూడిక గుర్తులు గీశారు. శని, ఆదివారాలు దేవరకొండ దగ్గర మా ఊరికి వచ్చేవాళ్లం. ఒకసారి బస్సులో చెమటకు గీతలు చెరిగిపోయాయి. మళ్లీ కొలిచి గీసేసరికి సోమవారం కరెంటు తప్పిపోయింది. అక్క రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

తర్వాతి ఆదివారం నేను పిండి పట్టించుకుని వచ్చేసరికి, వారం వారం అంగడికొచ్చే పచ్చబొట్టామె మా ఇంట్లో సూదులు సర్దుకుంటోంది. అక్క పడుకుని ఉంది. మార్కర్ గీతల మీదే పచ్చబొట్టు పొడిపించుకుంది.

"ఉత్త గీతలు బోడిగున్నయమ్మా. చుట్టూ నాలుగు చుక్కలు పెట్టిన," అందామె నాతో.

సోమవారం మిషన్ గదిలో టెక్నీషియన్ అవి చూసి డాక్టరమ్మను పిలిచాడు. ఆమె ఇంకో ఇద్దరిని పిలిచింది. అందరూ అక్క పొట్ట మీదికి వంగారు. కరెంటుకు ముందు కడుపు నిండా నీళ్లు తాగి మూత్రం ఆపుకోవాలి. అక్క ఆపుకుని ఉంది.

"జర జల్ది చూడుండ్రి సారూ."

"ఎవరు ఏసిండ్రివి?" అంది డాక్టరమ్మ.

"మా అంగడామె."

"కీమో మీదున్నవ్. సూదులతోటి ఇన్ఫెక్షన్ వస్తే పాణం పోతది, తెలుసా?"

"రోజు తప్పినా పోతదని మీరే అంటిరి గద మేడం."

డాక్టరమ్మ స్కేలు అడిగింది. కొలిచారు. గీతలు ఎక్కడా పక్కకు జరగలేదు.

"మరి చుక్కలెందుకు?" అన్నాడు టెక్నీషియన్.

"మంచిగుంటదని."

పూతమందు, మాత్రలు రాసిచ్చి ఆ రోజు కరెంటు పెట్టారు. బయట బెంచీ మీది ఆడవాళ్లు పచ్చబొట్టామెది ఏ ఊరని నన్ను అడిగారు. డాక్టరమ్మ తలుపు తీసి, ఎవరూ అట్లాంటి పని చేయొద్దని కేకేసింది.

ఆ తర్వాత ఒక్క రోజు కూడా తప్పలేదు. కరెంటు అయిపోయాక ఏడాదిన్నర అక్క బాగుంది. తర్వాత జబ్బు ఊపిరితిత్తుల్లో తేలింది.

ఆఖరి స్నానం చేయిస్తూ చిన్నమ్మ పసుపు రాసి పొట్ట తోమింది. మళ్లీ తోమింది.

"ఇవేంది బిడ్డా, పోతలేవు?"

"పోవు చిన్నమ్మా. పోకుండనే ఏపిచ్చుకుంది."

చిన్నమ్మ వంగి చూసింది.

"చుక్కలు మంచిగ పెట్టింది," అని నీళ్లు పోసింది.