నల్లపెట్ట మొక్కు

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో తొమ్మిదో, సరిగ్గా గుర్తులేదు. రాజాం దగ్గర మా అత్తవారి ఊళ్లో వరి కోతలు అయిపోయాయి. మా చిన్న చర్చిలో కోత పండుగ ఇంకో వారం ఉందనగా మా నల్లపెట్టను నక్క ఎత్తుకుపోయింది. గడ్డికుప్ప వెనకాల ఈకలు కనపడేసరికి నా గుండె జారిపోయింది. కోడి పోయినందుకు కాదు. నా కొడుకు ప్రాణం కోసం దేవుడికి మొక్కుకున్న పెట్ట అది.

అంతకు నెల ముందు, ఇంకా ఏడాది నిండని పిల్లాడికి జ్వరం వచ్చింది. రాజాం డాక్టరు సూది వేసి పంపినా తగ్గలేదు. ఒళ్లు కాలిపోతోంది, పాలు తాగడం లేదు. ఓ సాయంత్రం ఇక చూడలేక, వాణ్ని మా అత్త ఒళ్లో పడేసి పెరట్లోకి పరిగెత్తాను. కోళ్లగూడు ముందు మోకాళ్లూని, "ప్రభువా, ఈడిని నాకుంచు. కోత పండక్కి నల్లపెట్టని నీకిచ్చేస్తాను" అన్నాను. లోపలికి వచ్చేసరికి వాడి నుదురు చల్లగా ఉంది. బేరం కుదిరిందనుకున్నాను.

మా పుట్టింట్లో అమ్మవారికి మొక్కితే, తీర్చేదాకా ఎవరికీ నిద్ర ఉండేది కాదు. పెళ్లయ్యాక నేను బాప్తిస్మం తీసుకున్నాను గానీ, ఆ భయాన్ని మాత్రం ట్రంకుపెట్టెలో చీరలతో పాటు మడతపెట్టి తెచ్చుకున్నట్టున్నాను.

ఆ వారం నా బతుకు బతుకు కాదు. పిల్లాడు తుమ్మితే ఉలిక్కిపడేదాన్ని. పప్పు రుబ్బుతూ రుబ్బుతూ లేచొచ్చి నుదురు చూసేదాన్ని. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టేదాన్ని. వాడు విసుగెత్తి ఏడిస్తే, గట్టిగా ఏడుస్తున్నాడు కదా అని సంతోషించేదాన్ని. వేరే పెట్టను ఇద్దామంటే మిగిలినవన్నీ ఎర్రవే. దేవుడికి రంగు పట్టింపు ఉంటుందా అని పాస్టరుగారిని అడగడానికి సిగ్గేసింది.

పండుగ ముందురోజు పిల్లాడు దగ్గాడు. అంతే, బియ్యం ఏరుకుంటున్న మా అత్త పక్కన కూలబడి, మొక్కు సంగతంతా చెప్పి ఏడ్చేశాను.

"ఒసే పిచ్చిదానా, దీనికేనా పిల్లోడి నుదురు అరిగిపోయేలాగ తడుముతన్నావు?" అంది ఆవిడ, చేట పక్కన పెట్టి.

"ఇస్తానన్నది నక్కకి పోనాది అత్తా. దేవుడు ఊరుకుంటాడేటి?"

"ఆ పొద్దు నువ్వు గుమ్మం దాటకముందే పిల్లోడికి జొరం దిగి సెమట పట్టేసినాదే. సెప్దామని పిలిస్తే పలక్కుండా పరిగెత్తినావు. నువ్వు మొక్కకముందే ఆయన ఇచ్చేసినాడు. ఇంకా బేరమేటే?"

ముందు నాకు ఉక్రోషం వచ్చింది. నా మొక్కుకి విలువే లేదన్నమాట! ఆ వెనకే ఏడుపు ముంచుకొచ్చింది. అడగకముందే ఇచ్చినవాణ్ని పట్టుకుని, ఇచ్చింది లాక్కుపోతాడని వారం రోజులు వణికిపోయాను.

మర్నాడు చర్చిలో బల్ల ముందు అందరూ కానుకలుగా తెచ్చిన వరి కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. నేను పిల్లాణ్ని చంకనేసుకుని వెనకాల నిలబడ్డాను. ప్రార్థన మధ్యలో వాడు మళ్లీ దగ్గాడు. నా చెయ్యి దానంతటదే వాడి నుదుటి మీదికి పోయింది. "ప్రభువా, ఈడిని నాకుంచు" అని మొదలుపెట్టి, ఏమిస్తానో చెప్పబోయి ఆగిపోయాను.

భయం పోలేదు. చెయ్యీ తియ్యలేదు. కానీ ఆ రోజు దేవుడికి ఏమీ ఇస్తాననలేదు. "స్తోత్రం" అన్నాను, అంతే.