వీలునామాలో పెద్దల్లుడు

క్రెయిగీబర్న్‌లో మేం ఇల్లు కొనుక్కునేనాటికి మా వీధిలో సగం ఇళ్ళకు కంచెలు కూడా పడలేదు. వీధి చివర పాత ఇంట్లో ఉండే పెద్దావిడ మాత్రం ఆ ప్రాంతమంతా గొర్రెలు మేసే బీడుగా ఉన్నప్పటి నుంచీ ఉంది. పేరు పెట్టి పిలవమని మొదటి రోజే చెప్పింది. ఈ దేశంలో అదే మర్యాద. కానీ ఎనభై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు, ఆంటీ అన్నాను. మా అమ్మాయిలిద్దరూ అదే పట్టుకున్నారు. కొన్నాళ్ళకు ఆవిడే ఫోన్ చేసి "నేను, ఆంటీని" అనడం మొదలుపెట్టింది.

ఆంటీకి తన పుట్టింటి పేరంటే ప్రాణం. పెళ్ళయినా దాన్ని వదులుకోలేదు. అన్నదమ్ములు పోయారు, వాళ్ళకు పిల్లల్లేరు, తన కూతురికేమో తండ్రి పేరు వచ్చింది, కాబట్టి ఆ పేరు మోస్తున్న ఆఖరి మనిషి తనే. ఈస్టర్‌కు పెర్త్ నుంచీ హోబార్ట్ నుంచీ బంధువులంతా వస్తారు, అప్పటికి మూడు వందల ఏళ్ళ వంశచరిత్ర పుస్తకంగా వేసి చేతికివ్వాలని ఆవిడ కోరిక. ప్రెస్ వాడితో మాట్లాడుకుని, అట్ట మీది బొమ్మ కూడా ఎంచుకుంది.

అప్పుడే ఇంగ్లండ్ నుంచి ఒక దూరపు దాయాది ఈమెయిల్ పెట్టాడు. ఆంటీ వాళ్ళ శాఖకు మూలపురుషుడని చెప్పుకునే మనిషికి అక్కడి సొంతూరి చర్చిలో బాప్తిస్మం జరిగినట్టు ఎక్కడా లేదట. పద్దెనిమిదో శతాబ్దం నడుమ, ఎదిగిన మనిషిగా ఉన్నట్టుండి ఆ వంశం వాళ్ళ పొలంలో ప్రత్యక్షమవుతాడట. యజమాని పేరు తగిలించుకున్న పాలేరు అయ్యుంటాడని అతని నిర్ణయం. "మీ శాఖకు పేరుంది కానీ రక్తం లేదు" అని తేల్చేశాడు.

నేను వెళ్ళేసరికి ఆంటీ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. కేటిల్ మరిగి చల్లారిపోయింది.

"పుస్తకం ఆపేయమని ప్రెస్‌కు చెప్పాను. మా నాన్న ఎంత పొగరుగా సంతకం పెట్టేవాడో తెలుసా? అదంతా ఎవరి పేరో అయితే, వచ్చిన వాళ్ళందరికీ నేనేం పంచిపెట్టాలి?" అంది.

ఆవిడ కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదటిసారి. ఆ దాయాది మీద నాకు ఒళ్ళు మండిపోయింది. ఇళ్ళ అమ్మకాలు, కొనుగోళ్ళ కాగితాలు చూసే ఆఫీసులో నా ఉద్యోగం. పాత కాగితమంటే నాకు భయం లేదు. ఆ వంశంలో దొరికిన వీలునామాలన్నీ నాకివ్వండి, చూద్దాం అన్నాను.

అప్పటి నుంచి శనివారాలు ఆ బల్ల దగ్గరే గడిచాయి. వీలునామాలన్నీ దేవుడి పేరుతోనే మొదలవుతాయి. ఒంట్లో బాగాలేదు గానీ బుద్ధి స్థిరంగానే ఉంది అని రాయించి, ఆత్మను దేవుడికీ దేహాన్ని మట్టికీ అప్పగించేసి, ఆ వెంటనే దుప్పట్ల దగ్గరికి వచ్చేస్తారు. ఒకావిడ తన ఎర్ర లంగా చెల్లెలికి రాసింది. ఒకాయన రోజూ తొడుక్కునే లాగు తమ్ముడికీ, చర్చికి వేసుకెళ్ళేది బావమరిదికీ రాశాడు. ఆ తమ్ముడేం పాపం చేశాడో అని ఇద్దరం పడీపడీ నవ్వాం. మొత్తమంతా ఒకటే వాక్యం. మా పెద్దమ్మాయి ఓసారి తొంగిచూసి "మమ్, ఇట్స్ గాట్ నో ఫుల్‌స్టాప్స్!" అంది. నాకది వింతగా అనిపించలేదు. నెల్లూరులో మా నాన్న దస్తావేజులు అచ్చం ఇంతే. స్వస్థబుద్ధితో మొదలై చెక్కుబందీ నాలుగు దిక్కులూ తిరిగి, సాక్షి సంతకం దాకా ఊపిరి తీసుకోవు.

చదివినవన్నీ కలిపి ఒక పెద్ద కాగితం మీద వంశవృక్షం గీశాను. మనవాళ్ళు గీసేది ఎలా ఉంటుందో నాదీ అలాగే ఉంది. కొడుకు కింద కొడుకు, అతని కింద అతని కొడుకు. ఆడపిల్ల పేరు రాసి, పక్కన మొగుడి పేరు రాసి, కింద అడ్డగీత కొట్టేశాను. పరాయింటికి పోయిన పిల్ల కింద ఇంకేం రాస్తాం? ఆంటీ కూడా చూసి బాగుందంది. ఆ పొలం యజమాని దగ్గరకు వచ్చేసరికి అతనికి కొడుకులే లేరు, ముగ్గురూ కూతుళ్ళే. మూడు అడ్డగీతలు పడ్డాయి. ఆ దాయాది చెప్పిందే నిజమయ్యేలా ఉంది. ఇంటికొచ్చి ఆ రాత్రి సరిగ్గా అన్నం కూడా తినలేదు.

ఆ యజమాని వీలునామా మొత్తం మా దగ్గర లేదు. ఎవరో ఎప్పుడో టైపు చేసిన సారాంశం మాత్రం ఉంది. దాయాది చూసిందీ దాన్నే. తరువాతి శనివారం దాన్నే మళ్ళీ మళ్ళీ చదువుతూ కూర్చున్నాను. భార్యకు వంటింటి పక్క గది, చలికాలానికి కట్టెలు, ఒక ఆవు పాలు, బావి దాకా నడిచే దారి. చిన్నకూతుళ్ళిద్దరికీ పెళ్ళినాడు ఇవ్వాల్సింది ఇవ్వాలి. ఇవన్నీ ఎవరు చూడాలి? పెద్దకూతురి భర్త.

అంతకుముందు ఆ ముక్కను పదిసార్లు చదివి దాటేశాను. ఈసారి దాటలేకపోయాను. అత్తగారికి బతికినన్నాళ్ళూ కూడు పెట్టాలి, మరదళ్ళ పెళ్ళిళ్ళు చెయ్యాలి. ఈ బరువు ఏ ఊళ్ళోనైనా మామూలు అల్లుడి నెత్తిన పెడతారా? మామూలు అల్లుడు పండక్కి వచ్చి అలిగి పోయేవాడు. ఈ పనులన్నీ ఎవరు చేస్తారో నాకు తెలుసు. నేను అలాంటి ఇంట్లోనే పెరిగాను.

"ఆంటీ, ఇతను ఇల్లటపు అల్లుడు!" అన్నాను. ఆ మాటకు నా దగ్గర ఇంగ్లీషు లేదు, తెలుగులోనే అరిచాను.

ఆవిడ బిత్తరపోయింది. అప్పుడు విడమరిచి చెప్పాను. మా వైపు కొడుకుల్లేని ఇంట్లో ఒక కూతురికి పెళ్ళి చేసి అల్లుణ్ణి ఇంటికే తెచ్చుకుంటారు. సేద్యం అతనిది, బాధ్యతలు అతనివి, కొడుకుకు వచ్చే వాటా అతనికే వస్తుంది. మా అమ్మ తండ్రి అలా వచ్చినవాడే. అత్తగారికి ఆఖరి రోజుల్లో అన్నం కలిపి తినిపించాడు, ఇద్దరు మరదళ్ళకు పెళ్ళిళ్ళు చేసి పంపించాడు, రాళ్ళచేనును మాగాణి చేశాడు. అంత చేసినా ఊళ్ళో ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాడు లేడు. పెళ్ళిళ్ళలో మగవాళ్ళ వరసలో కూర్చుంటే "అత్తగారి కూడు ఒంటికి బాగా పట్టింది" అని నవ్వేవాళ్ళు. అందుకే మా ఇంట్లో ఆయన ఎలా వచ్చాడన్నది గొంతు తగ్గించే చెప్పేవాళ్ళు.

ఆంటీ ఇంగ్లండ్‌లోని పాత కాగితాల కార్యాలయానికి రాసి పూర్తి నకలు తెప్పించింది. పదిహేను రోజులు మాకు కాలు నిలవలేదు. వచ్చాక ఇద్దరం తలలు ఆనించుకుని చదివాం. సారాంశం టైపు చేసిన పెద్దమనిషి కొడుకుల కోసమే వెతికినట్టున్నాడు, అసలు సంగతి వదిలేశాడు. పొలం, నాగలి, ఎడ్లు పెద్దకూతురికీ ఆమె భర్తకూ. షరతు ఒక్కటే. అతను, అతని తరువాత అతని పిల్లలు, మామగారి ఇంటిపేరే పెట్టుకోవాలి. ఆ అల్లుడే ఆంటీ వాళ్ళ మూలపురుషుడు. ఆ తరువాత అతని వీలునామా కూడా దొరికింది. అందులో తన పాత పేరేమిటో అతనే రాయించాడు. తనను మామగారి పక్కన పాతిపెట్టమని అడిగాడు.

"పాలేరు కాదు, దొంగా కాదు" అని ఆంటీ రెండు చేతులతో బల్ల మీద కొట్టి, పుస్తకం వేసేయమని ప్రెస్‌కు ఫోన్ చేసింది.

నేను చేసిన మొదటి పని నా కాగితం మీద పెద్దకూతురి కింది అడ్డగీతను చెరిపేయడం. దాని కింద ఆంటీ శాఖంతా దిగింది, ఆంటీ దాకా, ఆంటీ కూతురి దాకా.

దాయాదికి నకళ్ళు పంపింది. అతను ఓటమి ఒప్పుకునే రకం కాదు. "అయితే రక్తం ఒక ఆడమనిషి ద్వారా వచ్చిందన్నమాట" అని రాశాడు. ఆంటీ జవాబు నాకు చూపించి మరీ పంపింది: "నీకు ఎవరి ద్వారా వచ్చింది?"

ఈస్టర్‌కు పార్కులో బార్బీ పెట్టారు, మాంసం కాల్చుకుని తినే విందు. నేను పులిహోర చేసుకుని అమ్మాయిలతో వెళ్ళాను. ఆంటీ లేచి నిలబడి ఆ షరతు చదివింది. పుస్తకాలు పంచింది. మొదటి అధ్యాయంలో ఆ అల్లుడి పేరు పక్కన, అంత ఇంగ్లీషు మధ్యలో, "ఇల్లటపు అల్లుడు" అని తెలుగు అక్షరాలు. కొన్నాళ్ళ కిందట ఆంటీ ఆ మాట నాతో ఒక కాగితం మీద ఎందుకు రాయించుకుందో అప్పుడు అర్థమైంది. అదేమిటో అందరికీ చెప్పమని నన్ను ముందుకు తోసింది.

చెప్పాను. ఆచారం చెప్పి ఊరుకోలేదు. మా తాత అలాంటివాడే అన్నాను. ఆయన ఏమేం చేశాడో చెప్పాను. గొంతు తగ్గించకుండా, పేరుతో సహా చెప్పాను.

ఇంటికి రాగానే నెల్లూరుకు ఫోన్ చేశాను. జరిగిందంతా అమ్మకు చెప్పాను.

"మా నాయన సంగతి అందరి ముందరా చెప్పేసినావా?" అంది.

"చెప్పేశా మా."

"నాయన పేరు గూడానా?"

"పేరు కూడా."

"నవ్వలేదామ్మా వాళ్ళు?"

"నవ్వలేదు. మళ్ళీ చెప్పమన్నారు మా, పేరు సరిగ్గా పలకాలంట. నోటికి వచ్చిందాకా అందరూ అంటానే ఉన్నారు."