కార్డు చూపితేనే బగార

జర ఆ బిస్కెట్ల ప్యాకెట్ ఇటు జరుపున్రి. సోమవారం పొద్దుగాలనే చాయ్ హోటల్‌కు వచ్చి గివి నములుతున్నడేంది, ఇంట్ల తిండి పెడ్తలేరా అనుకుంటున్నరు గదా. నిజమే, పెడ్తలేరు. తప్పు నాదే, చెప్త వినున్రి.

మా జిన్నింగ్ మిల్లుల సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయితుంది. చదువుకొమ్మని సేటు కొడుకు నాకో బుక్కు ఇచ్చిండు. లీన్ మాన్యుఫాక్చరింగ్ అట, జపానోళ్ల పద్ధతి. అక్కెర లేంది ముందే చేసి పెట్టుడు పెద్ద వేస్టట. సరుకు అయిపోవస్తే కార్డు పంపాలె, కార్డు చూసినంకనే ఎనుక సరుకు తయారుచేసేటోడు పని షురూ చెయ్యాలె. రెండు పాఠాలు చదివిన్నో లేదో, ఏది చూసినా నాకు వేస్టే కనవడ్డది.

నిన్న మా చర్చిల కోత పండుగ. ఏండ్ల సంది అడుగంగ అడుగంగ, ప్రేమవిందు వంట ఈసారి నా భార్య సునీతకు అప్పజెప్పిన్రు. ఆ సంబురంల ఆమెకు నిద్రనే పట్టలే.

"బగార అన్నమంత ఒక్కసారే వండకు. పోయినేడు మిగిలితే బర్లకు పెట్టిన్రు. ఒక్క గుండిగ దించు. అది సగమైనంక ఎర్ర కార్డు తెస్త, అప్పుడు రెండోది ఎక్కియ్" అన్న.

"అందరు ఒక్కసారే కూసుంటరు గదా?"

"బుక్కు నువ్వు చదివినవా, నేను చదివిన్నా?"

పాపం, నమ్మింది.

మిల్లుకు పత్తి బండ్లు ఒకదానెనుక ఒకటి వస్తయి. విందుకు జనం అట్ల రారు. పాస్టరయ్యగారు ఆమెన్ అన్నరో లేదో, సంఘమంత పంక్తిల కూసున్నది. నేను జేబులకెల్లి కార్డు తీసేలోపలనే గుండిగ ఖాళీ!

కార్డు పట్టుకొని ఉరికిన. సునీత అప్పుడు పొయ్యి అంటువెట్టింది. ఎసరు కాగాలె, బియ్యం ఉడుకాలె. విస్తర్లల్ల మటన్ ఉన్నది, అన్నం లేదు. పాస్టరయ్యగారు చూసి చూసి, పండుగకు అందరు తెచ్చిన పంట కానుకల వేలం పొద్దుగాలనే అయిపోయినా, మళ్ల షురూ చేసిన్రు. ఒక పెద్దమనిషి అరటిగెల పాడుకొని అక్కడనే పిల్లలకు పంచిండు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన పెద్ద పాస్టరుగారు గుడ చెయ్యి చాపి ఒక పండు తీసుకున్నరు.

"సునీతకు అందాజ తెల్వదు. వచ్చేయేడు వేరేటోళ్లకు ఇద్దాం" అని ఎవరో ఆడామె అన్నది. తప్పు నాదని అప్పుడే చెప్పాల్సింది. కార్డు జేబుల వెట్టుకొని గుంజ ఎనుక నిలవడ్డ. తలుసుకుంటే ఇప్పటికీ తలకాయ ఎత్తబుద్ధయితలేదు.

రాత్రి మూడో పాఠం తీసిన. ఊకె ఎదురుచూసుడు గుడ వేస్టేనట.

ఇయ్యాల పొద్దుగాల తిందామని కూసున్న. సునీత పళ్లెం పెట్టింది. పళ్లెంల ఎర్ర కార్డు తప్ప ఏం లేదు.

"ఆకలైతే ఇయ్యి, చూసినంక చేస్త. ముందే వండితే వేస్టు గదా."

ఇచ్చిన. కార్డు తీసుకున్నది, సంచి భుజానికేసుకొని ఖానాపూర్ల వాళ్లవ్వ ఇంటికి బస్సెక్కింది.

"మళ్ల ఎప్పుడొస్తవ్?" అన్న.

"ఆదివారం సంఘం ముంగట నిలవడి, తప్పు నాదే అని చెప్పు. చెప్పినవని తెలిసినంక వస్త."

చెప్త, తప్పకుంట చెప్త. కని నాకు అన్నం వండరాదు, ఆదివారమేమో ఇంకా ఆరు దినాలున్నది. ఓ హోటలన్నా, బిస్కెట్ల డబ్బ మొత్తం కట్టియ్యి. స్టాకు పెట్టుకోవాలె.